చదవకుండా వదిలేసిన రెండవ సగం

గత వేసవిలో పుణేలో మా అబ్బాయి ఇంట్లో ఉండగా, ఒక సాయంకాలం నా మనుమరాలు ఒక పుస్తకం తెచ్చి నా ముందున్న బల్ల మీద పెట్టింది. ఆమె బి.ఎ. మొదటి సంవత్సరం చదువుతున్నది. తెలుగు చక్కగా మాట్లాడుతుంది గాని చదవలేదు.

"తాతగారూ, ఇది మీరు చదివారా?" అని అడిగింది.

శ్రీ ఆర్.కె. నారాయణ్ రచించిన 'ది ఇంగ్లీష్ టీచర్' అది. అట్ట మారింది గాని పేరు చూడగానే శ్రీకాకుళంలో నేను చదువుకున్న రోజులు కళ్ళ ముందు కదలాడాయి.

"చదివానమ్మా. 1973లో అది మాకు నాన్‌డిటైల్డ్ పాఠ్యపుస్తకం."

"అయితే చెప్పండి, రెండో సగం మీకెలా అనిపించింది? మొదటి సగం చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. రెండో సగంలో కోపమొచ్చింది. చనిపోయిన మనిషి కబుర్లు పంపడమేమిటి?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కారణం చెప్పడానికి ఇప్పటికీ కొంచెం సిగ్గుగానే ఉంది. ఆ రెండవ సగం నేను చదవలేదు. మా లెక్చరరు గారు పరీక్షలో గడియారం ఘట్టం మీద ప్రశ్న వచ్చే అవకాశం ఉందన్నారు. నేను ఆ ఘట్టం దాకా శ్రద్ధగా చదివి, మిగిలినది బజారులో దొరికే గైడు సహాయంతో గట్టెక్కించాను. ప్రశ్న ఆయన చెప్పినట్లే వచ్చింది. నారాయణ్ హాస్యం గురించి మూడు పేజీలు రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. భార్య చనిపోయిన మనిషి కథ మీద నేను రాసిన మూడు పేజీల్లో చావు అనే మాటే లేదు.

"పుస్తకం ఇక్కడ పెట్టి వెళ్ళు. మళ్ళీ చదివి చెబుతాను" అన్నాను.

నా సంగతి రెండు మాటల్లో చెప్పాలి. నేను రైల్వే అకౌంట్స్ కార్యాలయంలో ఖరగ్‌పూర్‌లో ముప్ఫై ఏడు సంవత్సరాలు పనిచేసి 2013లో రిటైరయ్యాను. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఆ ఊరికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువారు వర్క్‌షాపు పనులకు వెళ్ళి స్థిరపడ్డారు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరు పొందిన ఆ రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడి చెవి ఒగ్గితే బెంగాలీ, హిందీలతోపాటు మా ఉత్తరాంధ్ర యాస కూడా వినిపిస్తుంది. 1978లో నాకు వివాహమైంది. రిటైరైన తరువాత కూడా మేమిద్దరం అక్కడే చిన్న ఇల్లు కట్టుకొని ఉండిపోయాం. 2017 సెప్టెంబరులో, దుర్గాపూజలకు కొన్ని రోజుల ముందు, నా భార్య డెంగీ జ్వరంతో కన్నుమూసింది.

ఈ వివరం తెలియక మనుమరాలు ఆ పుస్తకాన్ని నా ముందు పెట్టిందనుకోకండి. నానమ్మ పోయిన సంగతి ఆమెకు తెలియకపోవడమేమిటి! బహుశా తెలిసే పెట్టిందని ఇప్పుడు అనిపిస్తున్నది.

ఆ రాత్రే చదవడం ప్రారంభించాను.

కథానాయకుడు కృష్ణన్ మాల్గుడిలోని ఆల్బర్ట్ మిషన్ కాలేజీలో ఇంగ్లీషు అధ్యాపకుడు. ముప్ఫై ఏళ్ళ వాడు. తాను చదివిన కాలేజీలోనే పాఠాలు చెబుతూ, భార్యను పుట్టింట ఉంచి, హాస్టల్ గదిలో ఒంటరిగా కాలం గడుపుతుంటాడు. జీతం నెలకు నూరు రూపాయలు. తన పని మీద తనకే గౌరవం లేదు. ఒక ఇంగ్లీషు మాట వర్ణక్రమంలో ఒక అక్షరం లోపించిందని ప్రిన్సిపాలు ఆవేదన చెందడం, దాని మీద అధ్యాపకులు తర్జనభర్జనలు పడటం అతనికి విసుగు పుట్టిస్తాయి. తండ్రి దగ్గర నుంచి ఉత్తరం వస్తుంది, భార్యనూ నెలల పిల్లనూ తీసుకువచ్చి కాపురం పెట్టమని. అతడు అద్దె ఇల్లు వెతుకుతాడు. సుశీల వస్తుంది.

ఆ తరువాత చాలా పేజీలలో పెద్దగా ఏమీ జరగదు. నారాయణ్ గొప్పతనం అక్కడే ఉన్నదని నా అభిప్రాయం. నెల మొదటి తేదీన భర్త జీతం తెచ్చి చేతికివ్వగానే సుశీల దాన్ని వాటాలు వేస్తుంది. ఖర్చుల విషయంలో ఆమె మాటకు ఎదురు లేదు. కృష్ణన్‌కు ఒక పాత అలారం గడియారం ఉంది. అది సరైన వేళ ఎన్నడూ చూపదు. ఇష్టం వచ్చినప్పుడు మోగుతుంది. దాని నోరు మూయించడానికి టెయిన్ రాసిన ఆంగ్ల సాహిత్య చరిత్ర వంటి లావుపాటి గ్రంథమేదైనా దాని నెత్తిన పెట్టాలి. ఒకనాడు అతడు కాలేజీ నుంచి వచ్చేసరికి ఆమె బల్ల సర్ది, పాత కాగితాలతోపాటు ఆ గడియారాన్ని కూడా అమ్మేసి ఉంటుంది. అంతే, కాపురంలో మొదటి పెద్ద తగాదా. ఇద్దరూ మాటలు మానేస్తారు.

1973లో ఈ ఘట్టం చదివి మా గదిలో నలుగురం కడుపుబ్బ నవ్వాం. ఈసారి నాకు నవ్వు రాలేదు. ఆ తగాదా ఇంకా ఎంతకాలానికి ఆఖరవుతుందోనని పేజీలు లెక్కబెట్టుకున్నాను. వాళ్ళ దగ్గర ఎంత తక్కువ కాలం మిగిలి ఉందో నాకు తెలుసు, వాళ్ళకు తెలియదు.

మా ఇంట్లోనూ లెక్కలు నా భార్యే రాసేది. ప్రభుత్వపు లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగిని నేను. అయినా ఇంటి లెక్కల పుస్తకం ఒక్కనాడూ తెరిచి చూడలేదు. పాలు, కూరలు, గ్యాసు, పెళ్ళిళ్ళకు పెట్టిన చదివింపులు, అన్నీ గుండ్రని తెలుగు అంకెలలో కాక మామూలు అంకెలలోనే, కాని తెలుగు మాటలలో రాసేది. బెంగాల్‌లో నలభై ఏళ్ళు కాపురం చేసినా ఆమె పుస్తకంలో ఆలుగడ్డ బంగాళాదుంప గానే మిగిలింది.

నవలలో తరువాత జరిగేది చదవడానికి నాకు రెండు రోజులు పట్టింది. పాపకు మూడేళ్ళు నిండే కాలానికి, సొంత ఇల్లు కొనుక్కోవడానికి డబ్బు సర్దుతానని కృష్ణన్ తండ్రి రాస్తాడు. ఒక ఆదివారం భార్యాభర్తలిద్దరూ పిల్లను ముసలి వంటమనిషికి అప్పగించి ఇల్లు చూడటానికి బయలుదేరతారు. హోటల్లో ఫలహారం చేస్తారు. సరయూ నదిలో కాళ్ళు కడుక్కుంటారు. అంత ఆనందంగా వాళ్ళిద్దరూ పుస్తకంలో మరెక్కడా కనిపించరు. లాలీ ఎక్స్‌టెన్షన్‌లో ఇల్లు నచ్చుతుంది. మల్లెతీగ ఉంది. సుశీల ఒక్కతే పెరడు చూడటానికి వెళ్ళి అక్కడి మరుగుదొడ్డిలో చిక్కుకుపోతుంది. తలుపు బిగుసుకుపోయి రాదు. లోపల భరించరాని అసహ్యం. కృష్ణన్ వెళ్ళి తలుపు తన్ని తెరిచేసరికి ఆమె వణికిపోతూ బయటికి వస్తుంది. ఒక ఈగ తన పెదవి మీద వాలిందని చెబుతుంది. ఇంటికి వచ్చి అన్నం ముట్టదు. పడుకుంటుంది. ఆ పడుకోవడం మళ్ళీ లేవదు.

డాక్టరు మొదట మలేరియా అనుకుంటాడు. తరువాత టైఫాయిడ్ అని తేలుతుంది. ఈనాటి పాఠకులు ఒక విషయం గుర్తు పెట్టుకోవాలి. ఆ రోజుల్లో టైఫాయిడ్‌కు మందు లేదు. క్లోరాంఫెనికాల్ ఆ జ్వరాన్ని లొంగదీస్తుందని లోకానికి తెలిసింది 1948లో. అంతకుముందు వైద్యుడు చేయగలిగినదల్లా మూడు నాలుగు వారాలు రోగిని కనిపెట్టుకొని ఉండటం, పథ్యం పెట్టడం, తల మీద మంచుగడ్డల సంచి ఉంచడం, జ్వరం పట్టికలో గీత ఎక్కడికి ఎక్కిందో, ఎక్కడికి దిగిందో చూస్తూ ఉండటం. కృష్ణన్ ఆ పట్టికనే చూస్తూ రోజులు గడుపుతాడు. ఇంట్లో లోకమంతా ఒక గదికీ, ఆ గది అంతా ఒక కాగితానికీ కుదించుకుపోతుంది. అత్తగారు దిష్టి అంటుంది, భూతవైద్యుడిని పిలిపిస్తుంది. డాక్టరు ముఖం మీద నవ్వు చెదరకుండా వచ్చి పోతుంటాడు. చివరికి సుశీల చనిపోతుంది. ఆ చావునూ దహనాన్నీ రచయిత కొద్ది పేజీలలో, ఏ అలంకారమూ లేని పొడి మాటలలో ముగించేశారు.

నేను పుస్తకం మూసి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను.

మా ఇంట్లో పట్టిక లేదు. రక్తపరీక్ష కాగితాలు ఉండేవి. ప్లేట్‌లెట్లు మొదట తొంభై వేలు, తరువాత నలభై, ఆ తరువాత పద్ధెనిమిది వేలు. లెక్కలు చూసే మనిషిని కాబట్టి నాకు ఆ అంకెలు తప్ప మరేదీ బోధపడేది కాదు. ఐదవ రోజున జ్వరం దిగింది. నేను ఎంతో సంతోషించి పుణేకు ఫోన్ చేసి, "మీ అమ్మకు తగ్గిపోయింది, నువ్వు సెలవు పెట్టి రానక్కరలేదు" అని మా అబ్బాయికి చెప్పాను. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం దిగే సమయంలోనే మొదలవుతుందని, అప్పుడే రక్తనాళాల నుంచి ద్రవం బయటికి ఊరి రక్తపోటు పడిపోతుందని, కడుపునొప్పీ వాంతులూ కనిపిస్తే క్షణం ఆలస్యం చేయరాదని నాకు అప్పటికి తెలియదు. ఆ రాత్రి కడుపులో నొప్పి అన్నది. వాము నీళ్ళు ఇచ్చాను. తెల్లవారిన తరువాత ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. తొమ్మిదవ రోజు వేకువజామున పోయింది.

ఇంతవరకు అందరికీ తెలిసిన సంగతే. తెలియనిది ఇంకొకటి ఉంది.

మా ఇంటి వెనుక వసారాలో ఒక పాత కూలర్ ఉండేది. వేసవి పోయాక దాన్ని అక్కడికి తోసి వదిలేశాం. వానలకు దాని అడుగు తొట్టిలో నీళ్ళు చేరాయి. ఆగస్టులో ఒకనాడు నా భార్య, "ఏటండీ, ఆ కూలర్లో నీళ్ళు అలాగే ఉండిపోనాయి, పారబోసీండి" అన్నది. చూద్దాం లెమ్మన్నాను. మరి కొన్నాళ్ళకు మళ్ళీ అన్నది. పూజలు దాటాక పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చేద్దాం, అప్పుడు నీళ్ళూ పోతాయి, కూలరూ పోతుంది అన్నాను. దాన్ని వంచాలంటే ఇద్దరు మనుషులు కావాలి. నాకు నడుంనొప్పి. నిజం చెప్పాలంటే నడుంనొప్పి కూడా కాదు, బద్ధకం.

కర్మకాండ అంతా అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయిన మరునాడు వసారాలోకి వెళ్ళాను. తొట్టిలోని నీళ్ళు స్వచ్ఛంగా ఉన్నాయి. వాటిలో సన్నని పురుగులు మెలికలు తిరుగుతూ పైకి వస్తున్నాయి, కిందికి పోతున్నాయి. నేను ఒక్కడినే ఆ కూలర్‌ను వంచాను. ఒక్కడి వల్లనే అయింది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ దోమ మా ఇంటిదే అని రుజువేమీ లేదు. డెంగీ దోమ పగటి పూట కుడుతుంది, నిలిచిన మంచినీటిలో గుడ్లు పెడుతుంది, నాలుగిళ్ళ అవతల కొబ్బరి చిప్పలో పుట్టినా మన ఇంటికి రాగలదు. ఆ ఏడు మా పేటలో ఎందరికో ఆ జ్వరం వచ్చింది. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నాను. ఎనిమిదేళ్ళుగా చెప్పుకుంటూనే ఉన్నాను.

నవలలో నన్ను పట్టి నిలబెట్టింది ఇదే. ఆ మరుగుదొడ్డి వల్లనే టైఫాయిడ్ వచ్చిందని నారాయణ్ ఎక్కడా అనరు. ఈగను చూపించి ఊరుకున్నారు. సుశీలను ఒంటరిగా వెళ్ళనిచ్చినందుకు కృష్ణన్ తనను తాను బోనులో నిలబెట్టుకొని వాదించుకోడు. మరొక రచయిత అయితే ఇక్కడ పది పేజీల పశ్చాత్తాపం రాసేవాడు. నాకు మొదట ఈ మౌనం మీద కోపం వచ్చింది. ఏమయ్యా కృష్ణన్, ఆ ఇల్లు చూడటానికి తీసుకువెళ్ళింది నువ్వు కాదూ, నీకు ఒక్కసారైనా అనిపించలేదా అని అడగాలనిపించింది. రెండవసారి ఆ పేజీలు తిరగేసినప్పుడు, ఆ తరువాత పిల్లను పెంచుతూ, స్నానం చేయిస్తూ, జడ వేస్తూ అతడు గడిపే రోజుల వర్ణనలో అనిపించినదంతా ఉన్నదని తోచింది. చెప్పలేదు, అంతే. నేను మాత్రం ఎవరికి చెప్పాను?

ఇక రెండవ సగం. నాకు భూతప్రేతాలలో విశ్వాసం లేదు. మా ఊళ్ళో ఉండగా సోది చెప్పేవాళ్ళను గుమ్మం ఎక్కనిచ్చేవాడిని కాదు. కనుక మనుమరాలి కోపంతో నాకు పేచీ లేదు. కాలేజీకి ఒక కుర్రవాడు వచ్చి కృష్ణన్‌కు ఉత్తరం ఇస్తాడు. దగ్గరి పల్లెలో తోట ఉన్న ఒక అపరిచితుని చేతి ద్వారా సుశీల ఆత్మ సందేశం పంపుతున్నదట. అతడు కళ్ళు మూసుకొని పెన్సిలు పట్టుకుంటే కాగితం మీద మాటలు వాటంతట అవే పడతాయి. కృష్ణన్ వారం వారం అక్కడికి వెళతాడు. తామరకొలను గట్టున కూర్చుంటాడు. నేను వ్యతిరేకతతోనే చదవడం మొదలుపెట్టాను.

ఐతే ఇక్కడ రచయిత జీవితం కొంత తెలుసుకోవాలి. నారాయణ్ కోయంబత్తూరులో వీధి కుళాయి దగ్గర రాజం అనే యువతిని చూసి, జాతకాలు కలవలేదని పెద్దలు అన్నా పట్టుబట్టి 1934లో వివాహమాడారు. 1939లో ఆమె టైఫాయిడ్‌తో మరణించారు. కూతురు హేమ అప్పటికి మూడేళ్ళ పసిపిల్ల. 'స్వామి అండ్ ఫ్రెండ్స్', 'ది బ్యాచిలర్ ఆఫ్ ఆర్ట్స్', 'ది డార్క్ రూమ్' రాసిన చేయి ఆ తరువాత చాలాకాలం కలం పట్టలేదు. ఆ దశలో మద్రాసులో ఒక న్యాయవాది ద్వారా భార్యతో మాట్లాడగలిగానని ఆయన నమ్మారు. 1945లో లండన్‌లో అచ్చయిన ఈ నవలలో కల్పన చాలా తక్కువని 1974లో వచ్చిన తన ఆత్మకథ 'మై డేస్'లో ఆయనే చెప్పారు. సంసార చిత్రం చూపించి ఆశపెట్టి, చావులోకీ నమ్మరాని విషయాలలోకీ లాక్కుపోయారని రెండవ సగం మీద చాలామంది పాఠకులు కోపగించుకున్నారన్న సంగతి కూడా ఆయనకు తెలుసు. నా మనుమరాలు ఒంటరి కాదన్నమాట. పునర్వివాహం చేసుకోకుండా ఆయన 2001 మే 13న, తొంభై నాలుగేళ్ళ వయసులో కన్నుమూశారు. కూతురు ఆయన కన్న ముందే వెళ్ళిపోయింది.

ఇది తెలిసి చదివితే ఆ తామరకొలను వేరుగా కనిపిస్తుంది. సందేశాలు నిజమా, అబద్ధమా అన్న ప్రశ్నను నేను కొంతసేపు పక్కన పెట్టాను. ఆ సందేశాలు అతనిచేత ఏమి చేయిస్తున్నాయో చూశాను. మొదట్లో అతడు నిదర్శనాలు అడుగుతాడు. ఫలానా వస్తువు ఎక్కడుంది, నీ ఉత్తరాలెక్కడ అని అకౌంట్స్ ఆఫీసువాడిలాగా నిలదీస్తాడు. తరువాత తరువాత మధ్యవర్తి రావడం తగ్గుతుంది. ఇకపై నీకు నీవే కూర్చో, మనసును నిలుపు, దుఃఖంతో గొడవ చేస్తే నేను నీకు వినిపించను అన్న ధోరణిలో మాటలు వస్తాయి. పెన్సిలు పట్టుకున్న మనిషి క్రమంగా తప్పుకుంటాడు. కృష్ణన్ తన గదిలో, చీకటిలో, తానే కూర్చోవడం నేర్చుకుంటాడు. ఇందులో దయ్యాల కథ కన్న సాధన ఎక్కువ ఉంది.

ఈ భాగంలో నాకు అన్నిటికన్న నచ్చినది లీల చదివే శిశుపాఠశాల హెడ్మాస్టరు పాత్ర. అతనికి గయ్యాళి భార్య, అదుపులేని పిల్లలు. జ్యోతిష్కుడొకడు అతని జీవితంలో ప్రతి ఘట్టమూ ముందే రాసిపెట్టాడు, అన్నీ తు.చ. తప్పకుండా జరిగాయి, చచ్చిపోయే తేదీ కూడా రాశాడు. ఆ రోజు వస్తుంది. హెడ్మాస్టరు అందరి దగ్గరా సెలవు తీసుకొని ఎదురుచూస్తాడు. చావు రాదు. సరే, ఇంటివారి దృష్టిలో నేను చచ్చినట్లే లెక్క అని, బడిపిల్లలతో స్వేచ్ఛగా బతకడం మొదలుపెడతాడు. ఎంత విచిత్రమైన హాస్యం! భార్యను నిజంగా పోగొట్టుకున్నవాడి పక్కన, బతికుండగానే సంసారం నుంచి చచ్చిపోయినవాడిని నిలబెట్టారు. ఆ పిల్లల గతి ఏమైందని అడిగే హక్కు పాఠకుడికి ఉంది. నేనైతే ఆ హెడ్మాస్టరును పూర్తిగా క్షమించలేకపోయాను.

చివరికి కృష్ణన్ కాలేజీ ఉద్యోగానికి రాజీనామా ఇస్తాడు. నూరు రూపాయలు వదులుకొని, హెడ్మాస్టరు బడిలో ఇరవై ఐదు రూపాయలకు చేరతాడు. పిల్లను నాయనమ్మ తీసుకువెళుతుంది. కొడుకు అనిపించుకోవడం, భర్త అనిపించుకోవడం, ఇంగ్లీషు టీచరు అనిపించుకోవడం, ఒకటొకటిగా అన్నీ జారిపోయిన తరువాత మిగిలినవాడు ఎవరు? ఈ ప్రశ్నను ఆయన పెద్ద గొంతుతో అడగలేదు. తెలిసేసరికి అది మన ఒళ్ళో ఉంటుంది.

నా మటుకు నాకు ఆ ప్రశ్న ఏటా నవంబరులో ఎదురవుతుంది. పెన్షనర్లమంతా బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వాలి. యంత్రం మీద వేలు పెడతాను. వేలిముద్ర ఒకసారికి రాదు, గీతలు అరిగిపోయాయి. రెండోసారి, మూడోసారి పెడితే, ఉన్నావని ఒప్పుకుంటుంది. 2017 నవంబరులో అలా వేలు పెట్టి నిలుచున్నప్పుడు, ఎదుటి కుర్రవాడు కుటుంబ పెన్షన్ కాగితంలో భార్య పేరు అలాగే ఉంచాలా అని అడిగాడు. తీసేయమన్నాను. పేరు చెప్పమన్నాడు. నోరు తెరిచాను, పేరు వెంటనే రాలేదు. మరచిపోయి కాదు. ముప్ఫై తొమ్మిదేళ్ళలో ఆమెను పేరు పెట్టి పిలిచిన సందర్భం నాకు ఒక్కటీ గుర్తు లేదు. "ఏమేవ్" అనేవాడిని, లేకపోతే అబ్బాయి పేరు చెప్పి వాళ్ళమ్మా అనేవాడిని. ఆ పేరు నా నోటితో పలికింది ఒక ఆసుపత్రి కౌంటరు దగ్గర, ఒక పెన్షన్ కౌంటరు దగ్గర. కృష్ణన్ తన భార్యను సుశీలా, సుశీలా అని పేజీ పేజీకీ పిలుస్తుంటే నాకు అసూయ కలిగింది.

నవల ముగింపులో అతడు కాలేజీలో వీడ్కోలు సభ నుంచి మల్లెల దండతో ఇంటికి వస్తాడు. ఆ రాత్రి ఏ మధ్యవర్తీ లేకుండా సుశీల అతని పక్కన ఉంటుంది. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి తెల్లవారడం చూస్తారు. మనుమరాలు దీన్ని కల అన్నది. నేను కాదనలేదు.

"మరి మీకు కోపం రాలేదా తాతగారూ?" అని అడిగింది, పుస్తకం తిరిగి ఇచ్చిన రోజున.

"వచ్చింది. అతనికి కబుర్లు వచ్చాయి, నాకు రాలేదని."

ఆ పిల్ల నా ముఖం చూసి ఊరుకుంది. కాసేపటికి, "నానమ్మ ఏమి చెబుతుందనుకుంటున్నారు?" అన్నది.

నేను నవ్వేసి మాట మార్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాతో పుణే తెచ్చుకున్న పెట్టెలో నా భార్య రాసిన ఆఖరి లెక్కల పుస్తకం ఉంది. ఎనిమిదేళ్ళలో దాన్ని తెరవలేదు. దీపం వేసి తెరిచాను. ఎందుకు తెరిచానో దాచను. కూలర్ కడిగిన కుర్రవాడికి యాభై రూపాయలు అని ఎక్కడైనా రాసి ఉంటుందేమోనని వెతికాను. నేను చేయనందుకు విసిగి ఆమే ఎవరిచేతనైనా చేయించి ఉండవచ్చు కదా! వాన నీరు తరువాత మళ్ళీ చేరి ఉండవచ్చు కదా! ఆగస్టు అంతా చూశాను. సెప్టెంబరు చూశాను. నిమ్మకాయలు, దీపారాధన నూనె, పక్కింటి పాప పుట్టినరోజుకు గౌను. కూలర్ మాట లేదు. సెప్టెంబరులో ఒక తేదీ దగ్గర పాలు అని రాసి, ఎదురుగా అంకె వేయకుండా పుస్తకం ఆగిపోయింది. అది జ్వరం తగిలిన రోజు. పాల ధర నాకు తెలియదు.

మరునాడు ఆదివారం. మా అబ్బాయి కాఫీ తాగుతూ పేపరు చూస్తున్నాడు. ఎదురుగా కూర్చొని కూలర్ సంగతంతా చెప్పాను. అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో, నేనేమన్నానో, తొట్టిలో ఏమి చూశానో, ఏదీ విడిచిపెట్టలేదు. వాడు పేపరు మడిచి బల్ల మీద పెట్టాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"నాన్నా, ఐదో రోజున మీరు ఫోన్ చేశారు కదా, రానక్కరలేదని" అన్నాడు చివరికి. "అప్పటికే నేను టికెట్ తీసుకున్నాను. మీ మాట విని రద్దు చేశాను. ఆఫీసులో పని ఉందని లోపల సంతోషించాను కూడా. ఆ సంగతి మీ కోడలికి కూడా చెప్పలేదు."

వాడి గొంతు అలా ఉండటం నేను చిన్నప్పటి తరువాత వినలేదు. లేచి వెళ్ళి పక్కన కూర్చున్నాను. లోపలి నుంచి మనుమరాలు వచ్చి, మమ్మల్ని చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళబోయింది.

"రామ్మా" అన్నాను. "నానమ్మ ఏమి చెబుతుందని అడిగావు కదా. 'చల్లారిపోతంది, ముందు కాఫీ తాగండి' అంటుంది." ఆ మాట చెప్పి, ఆమె పేరు పలికాను. నా మనుమరాలు ఆ పేరును మా ఇంట్లో నా నోటి వెంట వినడం అదే మొదటిసారి.